తీగ తక్కువా, దారి దగ్గరా? కార్టెక్స్ న్యూరాన్ల కొమ్మల వెనక ఉన్న బేరం

మెదడు గురించి ఏ కథనం వచ్చినా పక్కన దాదాపు ఒకే బొమ్మ వేస్తారు. నీలి చీకట్లో విడివిడిగా తేలుతున్న న్యూరాన్లు అనే నాడీకణాలు, వాటి కొమ్మల చివర మెరుపులు. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, లోపల పరిస్థితి అది కాదు. మెదడు వెలుపలి భాగమైన కార్టెక్స్‌లో అంత ఖాళీ జాగా ఎక్కడా ఉండదు. చిట్టెలుక కార్టెక్స్‌లో ఒక ఘన మిల్లీమీటరు, అంటే ఆవగింజకన్నా చిన్న ముక్క తీసుకుంటే, అందులో సుమారు 90 వేల న్యూరాన్లు, 70 కోట్ల సైనాప్స్‌లు (కణం నుంచి కణానికి సంకేతం దాటే చోట్లు), 4 కిలోమీటర్ల ఆక్సాన్లు (సంకేతం పంపే కొమ్మలు), 400 మీటర్లకు పైగా డెండ్రైట్లు (సంకేతం అందుకునే కొమ్మలు) ఉంటాయని జర్మనీలోని ట్యూబింగెన్‌లో వాలెంటినో బ్రైటెన్‌బెర్గ్, అల్ముట్ షూజ్ లెక్కగట్టారు. 2025లో అమెరికా పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో దాదాపు అంతే ముక్కను పొరలు పొరలుగా కోసి చూసినప్పుడు 52 కోట్ల సైనాప్స్‌లు లెక్కకు వచ్చాయి, ఆక్సాన్ల పొడవు మళ్ళీ 4 కిలోమీటర్ల దగ్గరే తేలింది. కణానికీ కణానికీ మధ్య ఉండే సందును మిల్లీమీటరులో లక్షో వంతుల్లో కొలవాలి.

ఇంత ఇరుకులో ఒక న్యూరాన్ తన కొమ్మను ఎటు పంపాలి, ఎక్కడ చీల్చాలి, ఎంత లావున ఉంచాలి అనేవి ఖర్చుతో ముడిపడ్డ ప్రశ్నలు. ఒక కొమ్మ లావెక్కితే పక్క కణం కొమ్మ ఆ మేరకు జరగాలి. జరిగితే దాని దారి పొడవవుతుంది. దారి పొడవైతే సంకేతం ఆలస్యంగానో నీరసంగానో చేరుతుంది. ఇంటికి వైరింగు వేసే మేస్త్రీకి ఈ చిక్కు కొత్తేమీ కాదు. కాకపోతే ఇక్కడ ఇళ్ళు వేలు, గోడలు లేవు, మేస్త్రీ అసలే లేడు.

అసలీ ఆకారం మొదట కంటబడింది ఒక లోపం పుణ్యాన. 1873లో ఇటలీలో మిలాన్ దగ్గరి అబియాతెగ్రాసో అనే చిన్న ఊరి ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తున్న కమిల్లో గోల్జీ, వంటగదినే ప్రయోగశాల చేసుకుని, మెదడు ముక్కల్ని పొటాషియం డైక్రోమేట్‌లో నానబెట్టి తర్వాత సిల్వర్ నైట్రేట్‌లో ముంచాడు. నూటికి ఏ రెండో మూడో కణాలు మాత్రం కొసకొమ్మలతో సహా నల్లగా తేలాయి. మిగతావి రంగే పట్టలేదు. ఆ కొన్నే ఎందుకు పడతాయన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అన్నీ పట్టి ఉంటే గాజు పలక మీద మసి పూసినట్టు ఉండేది తప్ప ఒక్క కొమ్మ కూడా విడిగా కనపడేది కాదు.

స్పెయిన్‌కు చెందిన సాంతియాగో రమోన్ ఇ కహాల్ 1887లో మాడ్రిడ్‌లో ఈ పద్ధతిలో రంగు వేసిన పలకలు చూశాడు. మరుసటి ఏడాదికల్లా బార్సిలోనాలో దానికి మెరుగులు దిద్ది, ప్రతి న్యూరానూ విడి కణమేనని వాదించడం మొదలుపెట్టాడు. గోల్జీ మాత్రం చివరిదాకా అదంతా అతుకుల్లేని ఒకే వల అనే పట్టుబట్టాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇస్తే, ఆ వేదిక మీది ఉపన్యాసంలోనే గోల్జీ కహాల్ సిద్ధాంతాన్ని దుయ్యబట్టాడు. ఈ తగువు కథ చాలామందికి తెలిసిందే. దాని నీడలో పడిపోయిన సంగతి ఇంకొకటుంది. వేల కణాల్ని చేత్తో గీసిన కహాల్, ఈ ఆకారాలు మూడు పొదుపుల వల్ల వచ్చాయని అన్నాడు: జాగా పొదుపు, సరుకు పొదుపు, సమయం పొదుపు. అప్పటికి అది కంటి అంచనా మాత్రమే. దాన్ని అంకెల్లో పెట్టడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది.

కార్టెక్స్‌లో ఎక్కువ కణాలు పిరమిడ్ కణాలు. చిట్టెలుకలో ఇవి నూటికి 85 దాకా ఉంటాయి. దీని రూపానికి తాటిచెట్టు బాగా దగ్గర. మొదట్లో సుమారు 20 మైక్రాన్ల కణదేహం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అక్కణ్ణుంచి మెదడు పైతలం వైపు నిటారుగా ఒక మాను, దాని తలలో గుబురు. కింద కణదేహం చుట్టూ పీచువేళ్ళలా పరుచుకున్న పొట్టి డెండ్రైట్లు. తేడా ఏమిటంటే ఈ తాటిమానుకు దారి పొడవునా పక్కకొమ్మలు కూడా ఉంటాయి. ఇవన్నీ సంకేతాలు అందుకునేవే. వాగులూ వంకలూ ఏట్లో కలిసినట్టు అన్నీ కణదేహం వైపే పారతాయి. కణదేహం అడుగున సన్నగా బయల్దేరే ఆక్సాన్‌ది ఎదురు వ్యవహారం. పంటకాలువ పిల్లకాలువలుగా, పిల్లకాలువ బోదెలుగా చీలినట్టు అది పంచుకుంటూ పోతుంది. ఒకే కణానికి ఉన్న ఈ రెండు చెట్లూ ఒకే లెక్కన పెరగవు. ఆ సంగతి కాస్త తర్వాత.

ముందు డెండ్రైట్ బేరం చూడాలి. కాగితం మీద 100 మైక్రాన్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం, దాని మీద గడియారం అంకెల్లా 12 చుక్కలు ఉన్నాయనుకుందాం. నడిమధ్య కణదేహం. పన్నెండింటినీ దానికి కలపాలి. ఒక్కో చుక్కకూ విడిగా తీగ లాగితే మొత్తం 1200 మైక్రాన్ల తీగ పడుతుంది, అయితే ఏ చుక్కకైనా దారి 100 మాత్రమే. సమయం మిగిలింది, సరుకు దండగయింది. రెండో పద్ధతిలో కేంద్రం నుంచి ఒక చుక్కకు తీగ లాగి, అక్కణ్ణుంచి అంచు వెంబడే ఒకదాని తర్వాత ఒకటి కలుపుకుంటూ పోవాలి. పక్కపక్క చుక్కల దూరం దాదాపు 52 కాబట్టి మొత్తం తీగ 669తో సరి. మధ్యలో కొత్త కూడళ్ళు పెట్టకుండా ఇంతకన్నా తక్కువలో కలపలేం. కానీ చివరి చుక్క నుంచి సంకేతం రావాలంటే ఆ 669 మైక్రాన్లూ నడవాల్సిందే.

మూడోది మధ్యేమార్గం. కేంద్రం నుంచి నాలుగు దిక్కులకూ నాలుగు కొమ్మలు లాగాలి. ఒక్కో కొమ్మ చివర నుంచి అటొక చుక్కకూ ఇటొక చుక్కకూ చీల్చాలి. తీగ 814 అవుతుంది, అన్నిటికన్నా దూరపు దారి 152కు దిగుతుంది. అంటే కనిష్ఠం మీద ఐదో వంతు తీగ అదనంగా పెడితే, దూరపు దారి నాలుగో వంతుకన్నా తక్కువకు పడిపోయింది. ఆ మూడో బొమ్మను కాస్త దూరంగా పెట్టి చూస్తే అచ్చం పిరమిడ్ కణం కింది డెండ్రైట్లలాగే ఉంటుంది.

ఈ పోలిక కాకతాళీయం కాదు. 2010లో లండన్‌లో హెర్మన్ కుంట్జ్, మైకేల్ హౌసర్, మరికొందరు కంప్యూటర్‌లో సరిగ్గా ఇదే పని చేశారు. ఒక ఆవరణలో చుక్కలు చల్లి, ప్రతి అడుగులోనూ తీగ పొడవుకు కొంత, కేంద్రం దాకా దారి పొడవుకు కొంత విలువ కట్టి, రెండూ కలిపి తక్కువయ్యేలా చుక్కల్ని కలుపుతూ పోయారు. తిప్పడానికి ఉన్న మీట ఒక్కటే, దారికి తీగతో పోలిస్తే ఎంత విలువ కట్టాలన్నది. ఆవరణ ఆకారం మార్చి ఆ మీటను తగినట్టు తిప్పితే, కార్టెక్స్ పిరమిడ్ కణాలతో సహా రకరకాల న్యూరాన్ల డెండ్రైట్లు అసలువాటికి బాగా దగ్గరగా వచ్చాయి. 2012లో అదే బృందం ఇంకో సూత్రం తేల్చింది. ఒకే ఘనపరిమాణంలో చీలికల సంఖ్య పెరిగితే తీగ పొడవు దానికి మూడింట రెండో ఘాతంగా పెరుగుతుంది. అంటే చీలికలు 8 రెట్లయినా తీగ 4 రెట్లే. ఇరుక్కున్న కొద్దీ ఒక్కో చుక్కకు ఖర్చు తగ్గుతుంది, వీధిలో ఇళ్ళు దగ్గరపడితే ఒక్కో ఇంటికి పట్టే సర్వీసు వైరు తగ్గినట్టు.

ఇక్కడిదాకా లెక్క పొడవుదే. లావు లెక్క వేరు, అది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. డెండ్రైట్‌ను రాగి తీగతో పోల్చడం కన్నా పొలంలో పరిచిన డ్రిప్ పైపుతో పోల్చడం మేలు. దారి పొడవునా కారిపోతూనే ఉంటుంది. సన్నపైపులో చివరి మొక్కకు నీళ్ళు తగ్గినట్టు, సన్నటి డెండ్రైట్ కొసలో పుట్టిన వోల్టేజీ కణదేహం చేరేసరికి నీరసిస్తుంది. సముద్రం అడుగున వేసే టెలిగ్రాఫ్ తీగల కోసం 19వ శతాబ్దంలో కెల్విన్ రాసిన సమీకరణాల్ని, అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో విల్ఫ్రిడ్ రాల్ 1950ల చివర డెండ్రైట్లకు వర్తింపజేశాడు. సంకేతం ఎంతదూరం నిలుస్తుందన్నది లావు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. దూరం రెట్టింపు కావాలంటే లావు 4 రెట్లు కావాలి. లావు 4 రెట్లయితే అదే పొడవుకు పట్టే జాగా 16 రెట్లు. కార్టెక్స్‌లో అంత జాగా అప్పు దొరకదు.

మరి కొమ్మ చీలేచోట లావు ఎంత తగ్గాలి? 2 మైక్రాన్ల కొమ్మ రెండు సమాన పిల్లకొమ్మలుగా చీలిందనుకుందాం. మొత్తం అడ్డుకోత విస్తీర్ణం మారకూడదంటే, చెట్ల కొమ్మల విషయంలో లియొనార్డో డావిన్చీ రాసుకున్నట్టు, ఒక్కోటి 1.41 మైక్రాన్లు ఉండాలి. అవి రక్తనాళాలైతే, తక్కువ శ్రమతో రక్తం పారాలన్న లెక్కన 1926లో సెసిల్ మర్రే ఇచ్చిన ఘనాల సూత్రం ప్రకారం 1.59 ఉండాలి. రాల్ లెక్క ప్రకారం, చీలిక దగ్గర విద్యుత్ సంకేతానికి ఎదురుదెబ్బ తగలకుండా ఉండాలంటే లావులకు ఒకటిన్నర ఘాతం వేసి కలపాలి. అప్పుడు వచ్చేది 1.26. చెట్టుకొకటి, నాళానికొకటి, నాడికొకటి, మూడు వేర్వేరు అంకెలు. న్యూరాన్‌ను చెట్టుతో పోల్చడం అలవాటైపోయింది గానీ, ఆ పోలిక చీలిక దగ్గరే తప్పిపోతుంది.

రాల్ సూత్రాన్ని ప్రకృతి శాసనంగా చెప్పే పాఠాలు కూడా ఉన్నాయి. అది అతిశయమే. కొమ్మలన్నిటినీ కలిపి ఒకే గొట్టంగా భావించి లెక్క చేసుకోవడానికి కావాల్సిన షరతు అది, కంప్యూటర్లు అందరికీ అందని రోజుల్లో మంచి వెసులుబాటు. పిల్లి వెన్నుపాములోని మోటార్ న్యూరాన్లు ఆ షరతుకు కాస్త దగ్గరగా వస్తాయి. కార్టెక్స్ పిరమిడ్ కణాల్లో, ముఖ్యంగా పైకి వెళ్ళే మాను దగ్గర, అది చాలాచోట్ల తప్పుతుంది.

ఫ్రాక్టల్ అన్న మాట విషయంలోనూ కొంత జాగ్రత్త కావాలి. 2021లో ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ టేలర్ బృందం ఎలుక హిప్పోక్యాంపస్ (జ్ఞాపకాలతో సంబంధం ఉన్న మెదడు భాగం) న్యూరాన్లను కొలిచి, వాటి ఫ్రాక్టల్ మితి, అంటే కొమ్మలు జాగాను ఎంత గుబురుగా నింపాయో చెప్పే అంకె, సుమారు 1.4 దగ్గర ఉందనీ, పొరుగువాళ్ళను అందుకోవడానికీ ఖర్చుకూ మధ్య సమతూకం అక్కడే కుదురుతుందనీ చూపించింది. కొమ్మల్ని కంప్యూటర్‌లో కావాలని వంచి, నిటారు చేసి మరీ పరీక్షించిన మంచి పని అది. అయితే నిజమైన ఫ్రాక్టల్‌లో ఎంత దగ్గరికి వెళ్ళినా అదే తీరు మళ్ళీ మళ్ళీ కనిపించాలి. డెండ్రైట్‌లో ఆ తీరు కొన్ని మైక్రాన్ల నుంచి కొన్ని వందల మైక్రాన్ల దాకానే. పైగా పోలికే లేని రెండు కణాలకు ఒకే అంకె రావచ్చు. బరువు చెబితే మనిషి మొహం తెలియనట్టే ఇదీ.

ఇక ఆక్సాన్. డెండ్రైట్ గుబురుగా తన చుట్టూ ఉంటే, కార్టెక్స్ ఆక్సాన్ కొమ్మలు పెద్దగా మెలికలు తిరక్కుండా దూరాలకు పోతాయి, దారిలో తగిలిన వందల డెండ్రైట్లతో ముడిపడతాయి. ప్రతి డెండ్రైట్ దగ్గరికీ ఆక్సాన్ వంగి వెళ్ళాల్సి వస్తే ఆ 4 కిలోమీటర్లు చాలవు. ఆ మిగిలిన చిన్న దూరాన్ని పూడ్చేవి డెండ్రైట్ల మీది ముళ్ళు. కోడి మెదడులో కహాల్ 1888లో మొదట చూసి వాటికి ముళ్ళనే పేరు పెడితే, అవి వెండి మరకలే తప్ప మరేం కావని పెద్దపెద్దవాళ్ళు కొట్టిపారేశారు. మిథిలీన్ బ్లూ అనే వేరే రంగుతో కూడా చూపించాకే నోళ్ళు మూతబడ్డాయి. ఒక్కో ముల్లు పొడవు ఒకటి రెండు మైక్రాన్లే. పక్కనుంచి పోతున్న ఆక్సాన్‌ను ఆగకుండానే అందుకోవడానికి అంత చాలు. పిరమిడ్ కణానికి ఇలాంటి ముళ్ళు వేలల్లో ఉంటాయి.

అన్ని కణాలూ ఈ పొదుపు బాటే పట్టవు. షాండిలియర్ కణం ఆక్సాన్‌ను చూస్తే తెలుస్తుంది. దాని కొసలు కొవ్వొత్తుల వరసల్లా నిలువుగా వేలాడుతూ, పిరమిడ్ కణాల ఆక్సాన్ మొదలు ఉన్నచోటే, సంకేతం బయల్దేరే గడప దగ్గరే సైనాప్స్‌లు పెడతాయి. దానికి కావాల్సింది ఎక్కువమందిని అందుకోవడం కాదు, సరైన చోటు పట్టుకోవడం.

పొదుపు లెక్క ఇంత బాగా కుదిరాక, ఆకారం అంతా వైరింగు వ్యవహారమేనని తేల్చేయాలనిపిస్తుంది. అక్కడే పొరపాటు. కొమ్మ సంకేతాన్ని మోసుకొచ్చి ఊరుకోదు, దారిలో లెక్క కూడా చేస్తుంది. ఒకే డెండ్రైట్ మీద వరసగా ఉన్న సైనాప్స్‌లను కొస నుంచి కణదేహం వైపు ఒకదాని తర్వాత ఒకటి తట్టడం వేరు, కణదేహం నుంచి కొసకు తట్టడం వేరు అని రాల్ 1964లో సమీకరణాలతో చెప్పాడు. 2010లో లండన్‌లోని హౌసర్ ప్రయోగశాలలో ఎలుక కార్టెక్స్ ముక్క మీద, ఒక్క కొమ్మ వెంబడి లేజర్ వెలుగుతో గ్లుటమేట్‌ను (సైనాప్స్ దగ్గర సంకేతం మోసే రసాయనం) చుక్కచుక్కగా విడుదల చేసి చూస్తే, కొస నుంచి లోపలికి వచ్చిన వరసకే కణం ఎక్కువగా స్పందించింది. కారణంలో సగం జ్యామితిదే. ఇరుకు బావిలో బిందెడు నీళ్ళు పోస్తే మట్టం పెరుగుతుంది, చెరువులో పోస్తే తెలియదు. సన్నటి కొసలో కొద్దిపాటి కరెంటుకే వోల్టేజీ ఎగసి, అక్కడి ఎన్‌ఎండీఏ గ్రాహకాలు (గ్లుటమేట్ తగలడంతో పాటు వోల్టేజీ కూడా పెరిగితేనే తెరుచుకునే ద్వారాలు) తెరుచుకుని సంకేతాన్ని ఇంకా పెంచుతాయి. లావైన మొదట్లో అదే కరెంటు ఇంకిపోతుంది. తట్టిన సైనాప్స్‌లు అవే, వరసొక్కటే మారింది.

తాటిమాను తలలో గుబురుకూ ఇలాంటి పాత్రే ఉంది. కార్టెక్స్‌కున్న ఆరు పొరల్లో ఐదో పొరలోని పెద్ద పిరమిడ్ కణాల్లో, పై గుబురుకు వచ్చే సంకేతం ఒక్కటే కణదేహాన్ని కదిలించలేదు. అదే సమయంలో కింద కణం ఒక్కసారి పేలి, అంటే ఒక విద్యుత్ సంకేతం విడిచి, ఆ పేలుడు మాను వెంబడి వెనక్కి ఎక్కిందంటే, పైన కాల్షియం పేలుడు రేగి కణం వెంటవెంటనే కొన్నిసార్లు పేలుతుందని మాథ్యూ లార్కమ్, బెర్ట్ సక్మన్ బృందం 1999లో చూపించింది. గుబురును కణదేహానికి దూరంగా పెట్టడం వల్లే ఈ 'రెండు తాళాలూ కలిస్తేనే తలుపు' పద్ధతి కుదిరింది. తీగ లెక్కలో నష్టంగా కనిపించే దూరం ఇక్కడ ఉపయోగం. జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయం వాళ్ళు 2021లో ఇలాంటి ఒక్క కణం చేసే పనిని కృత్రిమ న్యూరల్ నెట్‌వర్క్‌తో అనుకరించబోతే 5 నుంచి 8 పొరల నెట్‌వర్క్ పట్టింది. ఎన్‌ఎండీఏ గ్రాహకాల్ని తీసేస్తే ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య ఉండే ఒక్క దాపు పొరతోనే పని జరిగిపోయింది.

అనుభవం వల్ల ఈ ఆకారం మారుతుందా అన్నదానికి జవాబు వయసును బట్టి, కణాన్ని బట్టి ఉంటుంది. కొలిచే పద్ధతి మాత్రం చిత్రంగా పాతదే. 1953లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో డొనాల్డ్ షోల్ పిల్లి కార్టెక్స్ న్యూరాన్ల మీద కణదేహం కేంద్రంగా 20 మైక్రాన్ల ఎడంతో వలయాలు గీసి, ఒక్కో వలయాన్ని ఎన్ని కొమ్మలు దాటుతున్నాయో లెక్కపెట్టాడు. ఇప్పటికీ పరిశోధనా పత్రాల్లో షోల్ వలయాలే. 1970ల మొదట్లో ఇల్లినాయిస్‌లో విలియం గ్రీనో, ఫ్రెడ్ వోక్‌మార్, ఆటవస్తువులూ తోటి ఎలుకలూ ఉన్న పెద్ద బోనుల్లో పెరిగిన ఎలుకల దృష్టి కార్టెక్స్‌లో కొమ్మలు ఎక్కువగా చీలాయని చూపించారు. 2002లో బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయొలాజికల్ సైన్సెస్‌లో సుమంత్ర చటర్జీ బృందం ఎలుకల్ని 10 రోజులపాటు రోజుకు 2 గంటలు కదలకుండా ఉంచి చూస్తే, హిప్పోక్యాంపస్‌లో డెండ్రైట్లు కుంచించుకుపోయాయి, భయంతో సంబంధం ఉన్న అమిగ్డలాలో గుబురెక్కాయి. ఒకే ఒత్తిడి, రెండు చోట్ల ఎదురెదురు ఫలితాలు. ఎదిగిన జంతువు కార్టెక్స్‌లో మాత్రం పిరమిడ్ కణాల పెద్ద కొమ్మలు వారాల తరబడి చూసినా పెద్దగా కదలవు, వచ్చిపోతుండేవి ముళ్ళే. కొత్త విషయం నేర్చుకుంటే మెదడులో కొత్త కొమ్మలు మొలుస్తాయని చెప్పే వాట్సాప్ సందేశాలకు ఇక్కడ ఆధారం వెతకడం దండగ.

మనిషి విషయానికొస్తే కొమ్మల పొడవే ముందు ఆశ్చర్యపరుస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో శస్త్రచికిత్సల్లో తీసిన కణజాలాన్ని పరీక్షించిన బృందం 2015లో, మనిషి టెంపొరల్ (కణతల దగ్గరి) కార్టెక్స్ రెండు, మూడు పొరల్లోని పిరమిడ్ కణం డెండ్రైట్లన్నీ కలిపితే సగటున 14 మిల్లీమీటర్లకు పైనే ఉంటాయని లెక్కగట్టింది. రెండు బియ్యపుగింజలు వరసగా పెట్టినంత. చిట్టెలుక కణానికీ కోతి కణానికీ అది దాదాపు 3 రెట్లు. కొసలు అంత దూరం జరిగితే ఒక్కో కొమ్మా కణదేహానికి మరింత దూరపు చుట్టమై తన లెక్క తాను చేసుకునే వీలు పెరుగుతుంది.

2024లో హార్వర్డ్, గూగుల్ పరిశోధకులు మూర్ఛవ్యాధి శస్త్రచికిత్సలో తీసిన ఒక ఘన మిల్లీమీటరు మనిషి కార్టెక్స్‌ను 5 వేలకు పైగా పొరలుగా కోసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాల నుంచి తిరిగి కట్టారు. 57 వేల కణాలు, 15 కోట్ల సైనాప్స్‌లు తేలాయి. చిత్రాలకే 1.4 పెటాబైట్లు, అంటే 14 లక్షల గిగాబైట్లు పట్టింది. అందులో ఆరో పొరలో ముక్కోణంగా ఉన్న కొన్ని కణాలు విడిగా కనిపించాయి. వాటి కింది డెండ్రైట్లలో ఒకటి మిగతావాటికన్నా బాగా లావు. అది ఎటుపడితే అటు పోలేదు. అద్దంలో ప్రతిబింబాల్లా ఎదురెదురుగా ఉన్న రెండు దిక్కుల్లో ఏదో ఒక దిక్కుకే చూస్తోంది. తీగ పొడవు లెక్కలో, దారి లెక్కలో, లావు లెక్కలో ఆ రెండు దిక్కులకూ ఒకే ఖర్చు. మిగతా దిక్కులకూ అంతే ఖర్చు. ఆ కణాలు ఆ రెండే ఎందుకు ఎంచుకున్నాయో ఆ పత్రం రాసినవాళ్ళూ చెప్పలేకపోయారు.